జిల్లా మారింది, మన అర్జీ ఎక్కడుంది?

(2022-23 మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడరు మాట్లాడిన మాటలు. సభ్యులు అడిగినందున రాయించి ఇక్కడ వేస్తున్నాము.)



పోయిన సభలో నేను అప్పుల రికవరీ గురించి మాట్లాడినాను. ఈసారి జిల్లా మార్పు గురించి, దాని వల్ల సరస్సు ఒడ్డున ఉండే మన ఊళ్ళకు ఏం జరిగిందో చెప్పమన్నారు. నేను పదో తరగతి దాకే చదివినాను. గెజిట్లు చదివి అర్థం చెప్పే పని నాది కాదని మన సమాఖ్య అధ్యక్షురాలు అక్కతో అన్నాను. "నీకు తెలిసిందే చెప్పు మే, తెలియంది ఎవురడిగినారు" అనింది. సరే, మా సంఘం ఈ రెండేళ్ళు పడిన తిప్పలతోనే మొదలుపెడతాను. చట్టం సంగతి ఆ తిప్పల్లోనే వస్తుంది.

మా సంఘంలో పది మందిమి. ఏడుగురం చేపల పని చేసేవాళ్ళం. ఎండు చేపలు, ఎండు రొయ్యలు మా బతుకు. ఇసకలో ఆరబోస్తే ఇసక అంటుకుంటుంది, కుక్కలు తిరుగుతాయి, మబ్బు పడితే పరుగు. ఇసక అంటిన సరుక్కి బేరగాడు కిలోకి ఎంత తగ్గిస్తాడో మీ అందరికీ తెలుసు. అందుకని 2021లో ఒక సిమెంటు దిమ్మె, దాని మీద చిన్న రేకుల పందిరి కావాలని అర్జీ పెట్టుకున్నాము. పంచాయతీ తీర్మానం తీసుకున్నాం, సంఘం తీర్మానం రాసుకున్నాం, ఫోటోలు అతికించినాం. సరస్సు గట్టు పక్కన చోటు చూపించినాం. అర్జీ నెల్లూరు పోయింది. మా వాటా డబ్బు కోసం సంఘంలో అప్పు కూడా తీసి పెట్టుకున్నాం. అది మా పొరపాటే. పని మంజూరు కాకముందే అప్పు తియ్యకూడదు. కానీ ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అన్నారు, నమ్మినాం.

2022 ఏప్రిల్ 4వ తేదీన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినాయి. మనం నెల్లూరు జిల్లాలో నిద్రపోయి తిరుపతి జిల్లాలో లేచినాం. జూన్‌లో నేనూ, మా సంఘం రెండో లీడరూ నెల్లూరులో ఆ ఆఫీసుకు పోతే, "మీ మండలం ఇప్పుడు మాది కాదమ్మా, మీ ఫైళ్ళన్నీ తిరుపతికి పంపించేసినాం" అన్నారు. తిరుపతి పోయినాం. నాయుడుపేటలో ఒక బస్సు, శ్రీకాళహస్తిలో ఇంకో బస్సు. మొదటిసారి ఆఫీసు ఏ పక్క ఉందో తెలియక ఊరంతా తిరిగినాం. తీరా పోతే, "నెల్లూరు నుంచి వచ్చిన కట్టల్లో మీది కనపడలేదు" అన్నారు. ఆ ఏడాది ఆరుసార్లు తిరుపతి పోయినాం. తిరుపతి దాకా పోయి కొండెక్కకుండా తిరిగి వచ్చిన పాపాత్మురాళ్ళం మేమే అయ్యుంటాం. ఆరోసారి మా రెండో లీడరు బస్టాండులో కూర్చుని ఏడ్చేసింది. ఆమెకు పాలు తాగే బిడ్డ ఉంది. ప్రతిసారీ బిడ్డను అత్త దగ్గర వదిలి వచ్చేది.

ఇంతకీ ఆ అర్జీ నకలు ఎవరి దగ్గర దొరికిందంటే, మా సంఘంలో అందరికంటే పెద్దదైన యానాది పిన్నమ్మ దగ్గర. ఆమెకు అక్షరం రాదు. ఆ రోజు జెరాక్సులు తీసినప్పుడు ఒకటి ఎక్కువ వస్తే, పారేస్తారేమోనని మడిచి ట్రంకు పెట్టెలో చీర కింద పెట్టుకునింది. దాని మీద ఆఫీసు సీలు, తేదీ, నంబరు ఉన్నాయి. పది మందిలో చదువుకున్నవాళ్ళం అయిదుగురం ఉన్నాం. మా ఒక్కరి దగ్గరా ఆ కాగితం లేదు. ఆ పిన్నమ్మ వాళ్ళది శ్రీహరికోట. రాకెట్ల కేంద్రం కోసం అక్కడి నుంచి వాళ్ళను లేపినప్పుడు చిన్నపిల్ల. ఆమె ఒక మాట అనింది: "ఆ కాలంలో మమ్మల్ని ఊరు నుంచి లేపినారు, ఇప్పుడు ఊర్లోనే ఉంచి జిల్లాను లేపినారు. కాగితం ఒక్కటే మనతో వచ్చేది మే."

ఆ నకలుతో మళ్ళీ అర్జీ పెట్టినాం. ఈసారి విచారణకు వచ్చినారు. ఫారెస్టు వాళ్ళు కూడా వచ్చి, మేము చూపించిన చోటికి పోయి, తుప్పల్లో ఒక రాయి చూపించినారు. అది పక్షుల అభయారణ్యం హద్దు రాయి. మా దిమ్మె కోరిన చోటు ఆ రాయికి లోపలి పక్క ఉంది. అంటే, మా అర్జీ నెల్లూరులో పోగొట్టుకోకపోయినా, జిల్లా మారకపోయినా, ఆ చోట ఆ పని అయ్యేది కాదు. ఈ మాట 2021లోనే ఎవరన్నా చెప్పి ఉంటే మాకు ఆ వడ్డీ తప్పేది. మేమూ అడగలేదు. రోజూ ఆ రాయి పక్క నుంచే కట్టెలకు పోతాం, అది ఎందుకు పాతినారో మాలో ఒక్కరమూ అడగలేదు.

అందుకని ఈ రోజు నేను మీకు చెప్పాలనుకున్నది రెండు గీతల సంగతి. ఒకటి జిల్లా గీత, రెండోది పక్షుల గీత. మన ఇళ్ళు, వలలు, పశువులు, ఉప్పు నేలలు ఈ రెండు గీతల మధ్యలో ఉన్నాయి.

జిల్లా గీత చాలాసార్లు మారింది. 1970లో ఒంగోలు జిల్లా పెట్టినప్పుడు, దానికే తర్వాత ప్రకాశం పేరు పెట్టినారు, కందుకూరు పక్క ఊళ్ళు నెల్లూరు నుంచి పోయినాయి. 52 ఏళ్ళకు, 2022లో కందుకూరు మళ్ళీ నెల్లూరుకు వచ్చింది. అదే రోజు గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి పక్క మనమంతా తిరుపతికి పోయినాం. అంటే జిల్లా గీత సుద్దముక్కతో గీసినట్టు. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ముసాయిదా ఇచ్చి, అభ్యంతరాలు విని, గెజిట్ వేస్తే గీత మారిపోతుంది.

అభ్యంతరాలు అన్నాను కదా, దాని దగ్గర కాసేపు ఆగుతాను. 2022 జనవరి చివర్లో ముసాయిదా వచ్చింది. అప్పుడు మన జిల్లాకు శ్రీ బాలాజీ జిల్లా అని పేరు. 30 రోజుల్లో ఎవరైనా కలెక్టరుకు అభ్యంతరం ఇవ్వొచ్చు అన్నారు. రాపూరు, కలువాయి, సైదాపురం మండలాల వాళ్ళు మేము నెల్లూరులోనే ఉంటామని గట్టిగా అడిగినారు. చివరి గెజిట్‌లో ఆ మూడు మండలాలూ నెల్లూరులోనే ఉన్నాయి. మన సరస్సు ఒడ్డు నుంచి మనం ఒక్క కాగితమన్నా ఇచ్చినామా? నేను ఇవ్వలేదు. ఆ నెలలో మా సంఘం మీటింగు మినిట్స్ బుక్కు తీసి చూసుకున్నాను. పొదుపు, అప్పు, ఆలస్య రుసుము, ఒకరి కూతురి పెళ్ళి సంగతి. అంతే. జిల్లా మాట ఎక్కడా లేదు. నెల్లూరులోనే ఉండాలనో, తిరుపతే మేలనో నేను ఇప్పుడు వాదించను. తడ వాళ్ళకు ఒక రకం, వాకాడు వాళ్ళకు ఒక రకం. కానీ మనల్ని అడిగిన 30 రోజుల్లో మనం మాట్లాడలేదు, అది మాత్రం నిజం.

ఇక ఏది మారింది, ఏది మారలేదు. మీటింగుల్లో ఎక్కువ మంది అడిగేది ఇదే కాబట్టి గబగబా చెప్తాను. తహశీల్దారు, ఎంపీడీవో, సచివాలయం ఎక్కడివి అక్కడే. కులం సర్టిఫికెట్టుకు, రేషన్ కార్డుకు తిరుపతి పోవాల్సిన పని లేదు. బ్యాంకు అదే, అప్పు ఖాతా నంబరు అదే. ఆధార్‌లో పాత జిల్లా ఉంటే ఆధార్ చెల్లదని ఎవరో చెప్పినారని మా ఊర్లో ముగ్గురు మార్పించుకోవడానికి డబ్బు కట్టినారు. ఎవరూ కట్టొద్దు, అది చెల్లుతుంది. మారింది పైవాళ్ళు. కలెక్టరు తిరుపతిలో, మన సంఘాల లెక్క చూసే డీఆర్‌డీఏ పీడీ తిరుపతిలో. ఆర్డీవో సంగతికి వస్తే 2022 మార్పులో గూడూరు డివిజన్ ఉండేది, సూళ్ళూరుపేటలో కొత్తగా డివిజన్ పెట్టినారు. మీ మండలం ఏ డివిజన్‌లోదో సచివాలయంలో అడిగి, మినిట్స్ బుక్కు మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

ఇందులో ఒక మెలిక ఉంది. జిల్లా పరిషత్తును మాత్రం విడగొట్టలేదు. 2021లో ఎన్నికైన జడ్పీటీసీలు ఇప్పటికీ నెల్లూరు జిల్లా పరిషత్తు మీటింగుకే పోతారు. అంటే మన ఊరి రోడ్డుకు, తాగునీళ్ళకు జడ్పీ నిధి అడగాలంటే చూపు నెల్లూరు పక్క. కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే చూపు తిరుపతి పక్క. యానాదుల కోసం పెట్టిన ఐటీడీఏ ఆఫీసు ఉండేది నెల్లూరులో. మా పక్కింటి వదిన ఒకటే మాట అనింది: "పుట్టిల్లు ఒక దిక్కు, అత్తిల్లు ఒక దిక్కు, రెండు చోట్లా అన్నం తిని వచ్చినావా అనే అడుగుతారు." నవ్వొచ్చింది గానీ, ఆమె చెప్పింది అబద్ధం కాదు.

ఇప్పుడు రెండో గీత. పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. దక్షిణం కొస తమిళనాడుది, ఎక్కువ భాగం మనది. మన పక్క దాన్ని 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించినారు. నేలపట్టు చెరువును కూడా ఆ ఏడాదే ప్రకటించినారు, అది సుమారు 459 హెక్టార్లు. తడ, సూళ్ళూరుపేట, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు, ఈ అయిదు మండలాలు సరస్సు చుట్టూ ఉన్నాయి. 2022లో అయిదూ కలిసే తిరుపతికి పోయినాయి. ఒక్క విషయంలో మనం అదృష్టవంతులం, మన పక్క సరస్సును రెండు జిల్లాలకు పంచలేదు. కొల్లేరు వాళ్ళను చూడండి. ఎన్నో ఏళ్ళు సగం పశ్చిమ గోదావరి, సగం కృష్ణా. ఏ గొడవ వచ్చినా మాది కాదు, వాళ్ళది అని రెండు జిల్లాల మధ్య తిరిగేవాళ్ళు. ఈ 2022 మార్పులో కైకలూరు పక్క కూడా ఏలూరు జిల్లాలోకి వచ్చింది కాబట్టి ఇప్పుడు కొల్లేరు దాదాపు అంతా ఒకే కలెక్టరు కింద ఉంది. అంటే జిల్లా మార్పు వల్ల చెడే జరుగుతుందని కాదు. ఎట్టా జరిగింది అనేదాన్ని బట్టి ఉంటుంది. రేపు ఇంకోసారి గీతలు మారిస్తే, ఈ అయిదు మండలాలను విడదియ్యొద్దని మనం ముందే అడగాలి. విడదీస్తే సరస్సు మీద మాట్లాడేవాడు ఒకడు ఉండడు.

జిల్లా గీత మార్చడానికి ఒక గెజిట్ చాలు అన్నాను. పక్షుల గీత అట్టా కాదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో ఉంది, అభయారణ్యం హద్దు మార్చాలంటే ఢిల్లీలో ఉండే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు కావాలి. ఎవరైనా ఎన్నికల ముందు వచ్చి, మీ ఊరిని శాంక్చువరీ నుంచి తీసేస్తాం అంటే, అది ఎమ్మెల్యే చేతిలో గానీ, కలెక్టరు చేతిలో గానీ ఉన్న పని కాదని తెలిసి ఉండండి. వద్దని కాదు, ఊరికే ఆశపడి ఓటు వెయ్యొద్దని.

కానీ అదే చట్టంలో కలెక్టరుకు పెద్ద పని ఉంది. అభయారణ్యం పెట్టే చోట ఎవరికి ఏ హక్కు ఉందో, భూమి మీద గానీ, దారి మీద గానీ, విచారణ చేసి తేల్చేది కలెక్టరే. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌తో మాట్లాడి కొన్ని హక్కులు కొనసాగించే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇంకా మన పక్క ఉంది. అందులో అభయారణ్యం భూమి కూడా అటవీ భూమి కిందే లెక్క. చేపలు పట్టుకునే హక్కు, పశువులు మేపుకునే హక్కు ఊరంతటికీ కలిపి అడగొచ్చు. అడిగేది గ్రామసభలో. అక్కడి నుంచి డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టరు ఉండే జిల్లా కమిటీకి పోతుంది. యానాదులు ఎస్టీలు కాబట్టి వాళ్ళకు కొంచెం సులువు. మిగతా కులాల వాళ్ళు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు ఇక్కడే బతికినట్టు చూపించాలి. మా పట్టపు వాళ్ళకు తాతలనాటి పాడు ఉంది, వంతులు ఉన్నాయి. ఎవరి పాడు ఎక్కడ, ఎవరి వంతు ఎప్పుడు అనేది మన మగవాళ్ళు నోటితో చెప్తారు. రాసి పెట్టినవాళ్ళు ఎంతమంది? ఈ కాగితాలు పాత నెల్లూరు జిల్లా రికార్డుల్లో ఉన్నాయి. రేపు తిరుపతిలో విచారణ జరిగితే కొత్త ఆఫీసరు వాటిని ఎక్కడ వెతుకుతాడు? మా దిమ్మె అర్జీ ఒక్క ఏడాదిలో కనపడకుండా పోయింది. 75 ఏళ్ళ కాగితం సంగతి చెప్పనక్కరలేదు.

ముఖద్వారం సంగతి చెప్పకపోతే మగవాళ్ళు నన్ను ఇంటికి రానివ్వరు. వాకాడు మండలంలో తూపిలిపాలెం, రాయదొరువు దగ్గర సముద్రం నీళ్ళు సరస్సులోకి వచ్చే నోళ్ళు ఇసక పడి పూడిపోయినాయి. వానాకాలం కాళంగి, స్వర్ణముఖి నీళ్ళు వచ్చినప్పుడు సరస్సు నిండుతుంది. ఎండాకాలం మన ఉత్తరం పక్క ఎండిపోయి నేల నోరు తెరుస్తుంది. నీళ్ళు లేకపోతే రొయ్య లేదు, పండుగప్ప లేదు. అప్పుడు మన వాళ్ళు దక్షిణం పక్కకు పోతారు, తమిళనాడు వాళ్ళతో గొడవలు వస్తాయి. ఇసక తీసి నోరు తెరవమని ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నాం. నెల్లూరు కలెక్టర్లకు ఇచ్చిన అర్జీలు ఎన్నో లెక్క లేదు. ఇప్పుడు మళ్ళీ తిరుపతిలో మొదటి నుంచి.

ఇందులో నేను నేర్చుకున్న ఒక సంగతి ఉంది, మగవాళ్ళకు కూడా చెప్పండి. అభయారణ్యంలోకి వచ్చే నీళ్ళను గానీ, బయటికి పోయే నీళ్ళను గానీ మళ్ళించాలన్నా, ఆపాలన్నా, పెంచాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. ఆ అనుమతి ఎప్పుడు ఇస్తారంటే, ఆ పని వల్ల అక్కడి వన్యప్రాణులకు మేలు అని ప్రభుత్వం ఒప్పుకుంటేనే. మన అర్జీలు తీసి చదివినాను. అన్నిట్లో ఒకటే మాట, మత్స్యకారులు పస్తులు ఉన్నారు, దయచేసి ఆదుకోండి. అది నిజమే. కానీ ఫైలు చూసే ఫారెస్టు ఆఫీసరుకు ఆ మాటతో అనుమతి రాసే వీలు లేదు. చట్టం అతన్ని వేరే ప్రశ్న అడుగుతుంది. నీళ్ళు వస్తే ఫ్లెమింగోలకు మేత పెరుగుతుందని, నీళ్ళు లేక సరస్సు ఎండితే పక్షి కూడా రాదని మన అర్జీలో రాయాలి. అబద్ధం రాయమని కాదు. మనం కళ్ళతో చూస్తున్నదే. మనకు చేప లేని ఏడాది పక్షికీ చేప లేదు.

మా అమ్మమ్మది నేలపట్టు పక్క ఊరు. అక్కడ చెరువు నీళ్ళలో నిలబడే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. గూడబాతులు వస్తే ఆ ఏడు వానలు బాగున్నట్టు లెక్క. వాటి రెట్ట కలిసిన నీళ్ళు పొలానికి పారితే ఎరువు తక్కువ పడుతుందని అమ్మమ్మ చెప్పేది. ఆ ఊరివాళ్ళు పక్షి మీద రాయి వెయ్యనివ్వరు. మా సరస్సు ఒడ్డున మాత్రం మేము పక్షిని మా రోకలిబండ అన్నట్టు చూస్తాం. ఫారెస్టు వాళ్ళు వల పట్టుకుపోయినా, రోడ్డు పని ఆగిపోయినా పక్షి వల్లే అంటాం. నేనూ అన్నాను. పక్షి వల్ల అని కాదు, మనతో మాట్లాడకుండా పని చేసే పద్ధతి వల్ల అని ఇప్పుడు అనుకుంటున్నాను. మా దిమ్మె విచారణకు వచ్చిన ఫారెస్టు ఆయన హద్దు రాయి చూపించి ఊరికే పోలేదు. అటు పక్క గ్రామకంఠం ఖాళీ ఉంది కదమ్మా, అక్కడ కట్టుకుంటే మాకేం అభ్యంతరం లేదు అన్నాడు. పది నిమిషాల మాట. రెండేళ్ళ ముందు ఆ పది నిమిషాలు ఎవరూ ఖర్చు పెట్టలేదు.

ఫ్లెమింగో పండగ 2001లో మొదలైంది. అప్పటి నుంచి నెల్లూరు కలెక్టరు ఆధ్వర్యంలో జరుగుతూ వచ్చింది, మన సంఘాలు ఊరగాయలు, ఎండు రొయ్యలు స్టాళ్ళు పెట్టుకునేవి. ఇక జరిగితే తిరుపతి జిల్లా వాళ్ళు జరపాలి. తిరుపతికి రోజూ వచ్చే యాత్రికుల్లో కొంతమందిని సరస్సు చూపించడానికి తీసుకొస్తే మనకు వ్యాపారమే. నాకు భయం కూడా ఉంది. యాత్రికులు వస్తారని ఒడ్డు భూములు బయటివాళ్ళు కొనేస్తే మనం మన గట్టు మీదే టీ కొట్టు కూలీలమవుతాం. అది జరగబోతుందని నేను చెప్పలేను. కానీ భూమి అమ్మే ముందు సంఘంలో ఒక మాట చెప్పండి.

ఇంకొకటి మర్చిపోయేదాన్ని. కొన్ని ఊళ్ళలో, మన పంచాయతీని పక్కన మున్సిపాలిటీలో కలిపితే రోడ్లు, లైట్లు వస్తాయని యువకులు అంటున్నారు. రావొచ్చు. కానీ ఉపాధి హామీ పని పల్లెలకే, మున్సిపాలిటీలో కలిస్తే ఆ పని ఉండదు. మన సంఘాలు వెలుగు నుంచి మెప్మాకు మారిపోతాయి. పన్నులు వేరు. కలపాలా వద్దా అనేది ఊరు నిర్ణయించుకోవాలి, కానీ గ్రామసభలో ఆడవాళ్ళు లేకుండా నిర్ణయించొద్దు. ఎండాకాలం సరస్సు ఎండినప్పుడు మన ఇంట్లో పొయ్యి వెలిగేది ఉపాధి పనితోనే.

నెల్లూరు జిల్లా ఆడవాళ్ళకు ఇది కొత్త పని కాదు. దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయించినారు. దూబగుంట రోశమ్మ పేరు మీ అమ్మలకు తెలుసు. 1993 ఏప్రిల్‌లో ముందు మన జిల్లాలో సారా ఆగింది, అక్టోబరుకు రాష్ట్రమంతా ఆగింది. ఆ తాగుడు డబ్బులోంచి రోజుకు రూపాయి దాచుకోవడమే పొదుపు లక్ష్మి. ఈ సభలో కూర్చున్న మనమంతా ఆ రూపాయి నుంచి వచ్చినవాళ్ళమే. అప్పుడు మా అమ్మ నెల్లూరు ధర్నాకు పోతే నేను ఆమె చంకలో ఉన్నానంట. నెల్లూరు నుంచి మనల్ని తీసేసినా ఆ సంగతి మనదే, దాన్ని ఏ జిల్లాకూ బదిలీ చెయ్యలేరు.

మా దిమ్మె ఎంతవరకు వచ్చిందని మధ్యాహ్నం భోజనాల దగ్గర చాలామంది అడిగినారు. గ్రామకంఠంలో కొత్త చోటుకు పంచాయతీ తీర్మానం అయింది. దిమ్మె వేసినాం. పందిరి ఇంకా వెయ్యలేదు, రేకుల ధర పెరిగింది, మా వాటాకు ఇంకా కొంత తక్కువ పడుతుంది. మొన్న వాన వచ్చినప్పుడు దిమ్మె మీద చేపలు టార్పాలిన్ కప్పి కాపాడుకున్నాం. పాత అప్పు వడ్డీ కట్టడం మాత్రం అయిపోలేదు.

ఈ నెలలో మనం చెయ్యాల్సిన పని చెప్పి ముగిస్తాను. మీ గ్రామ సంఘంలో ఒక ఫైలు పెట్టండి. 2022 ఏప్రిల్‌కు ముందు నెల్లూరులో ఇచ్చిన అర్జీ ఏదైనా సరే, ఇల్లు, పింఛను, పట్టా, దిమ్మె, పడవ, నకలు ఉంటే అందులో పెట్టండి. నకలు లేకపోతే తేదీ, ఎవరికి ఇచ్చినామో రాయండి. వచ్చే సమాఖ్య మీటింగుకు ఆ జాబితాలు తీసుకొస్తే, ఏపీఎం గారు అన్నీ కలిపి ఒకే లెటరుతో తిరుపతికి పంపిస్తామని ఒప్పుకున్నారు. ఒక్కొక్కరం ఆరుసార్లు పోకుండా ఒకసారి ఇద్దరం పోతే సరిపోతుంది. మీ ఊరి పక్క హద్దు రాళ్ళు ఎక్కడున్నాయో సచివాలయం సర్వేయరును తోడు పెట్టుకుని చూసి రండి. ఎవరు పాతినా, ఎవరు పీకినా మనకు తెలిసి ఉండాలి.

రాయదొరువు అర్జీ కొత్తగా రాసినాం, పక్షుల మాట కూడా కలిపి. నాలుగు నకళ్ళు ఉన్నాయి, ఒకటి తిరుపతి కలెక్టరుకు, ఒకటి సూళ్ళూరుపేట వన్యప్రాణి విభాగం ఆఫీసుకు, ఒకటి మన జడ్పీటీసీ గారి చేత నెల్లూరు జడ్పీకి, నాలుగోది మన బీరువాలో. బయట నీళ్ళ డ్రమ్ము పక్కన బల్ల మీద పెట్టినాం. చదివి, ఏదన్నా తప్పుంటే చెప్పి, సంతకం చేసి పొండి. వేలిముద్ర వేసే పిన్నమ్మలకు ఇంకు ప్యాడు అక్కడే ఉంది, చెయ్యి తుడుచుకోవడానికి గుడ్డ కూడా పెట్టినాం. బస్సు నాలుగున్నరకు ఉంది, తొందరపడకండి.